తగ్గిన బరువు మళ్లీ మళ్లీ వస్తుంటే... ఆపరేషన్ చేయించుకోవచ్చా?

బరువు తగ్గించే ఆపరేషన్ల గురించి బెంగళూరు పాఠకులు అడిగిన ప్రశ్నలకు బేరియాట్రిక్ సర్జన్, డైటీషియన్ కలిసి ఇచ్చిన జవాబులు

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. మాది మదనపల్లె దగ్గర. పద్నాలుగేళ్లుగా మారతహళ్లిలో ఉంటున్నాం. ఎత్తు 158 సెంటీమీటర్లు, బరువు 98 కిలోలు. అన్నం మానేసి ఒకసారి 14 కిలోలు, జిమ్‌లో చేరి ఇంకోసారి 11, డబ్బు కట్టి డైట్ ప్లాన్ తీసుకుని మూడోసారి 9 కిలోలు తగ్గాను. ప్రతిసారీ ఏడాదిన్నర తిరిగేలోపు అంతా వచ్చేసింది, మీద రెండు కిలోలు కూడా. ఆరేళ్లుగా షుగర్ ఉంది. మెట్‌ఫార్మిన్, డాపాగ్లిఫ్లోజిన్ వేసుకుంటున్నా హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్) 8.4 ఉంటోంది. గురక ఎక్కువ. రాత్రి పడుకుంటే పుల్లటి నీళ్లు గొంతులోకి వస్తాయి. డాక్టరు గారు స్లీవ్ ఆపరేషన్ చేయించుకోమన్నారు. మావారేమో ‘నోరు కట్టుకోలేక కడుపు కోయించుకుంటావా’ అంటున్నారు. ఏం చేయమంటారు? ఆపరేషన్ తర్వాత కూడా బరువు తిరిగొస్తే నా గతేమిటి?
– ఒక సోదరి, మారతహళ్లి

జవాబు: ముందు మీవారి మాట సంగతి చూద్దాం. ఉత్తరం చదివితే ఆ మాటను మీరూ కొంత నమ్ముతున్నట్టే ఉంది. మూడు విడతల్లో 34 కిలోలు తగ్గించిన మనిషికి నోరు కట్టుకోవడం రాదనడం అన్యాయం. మీకు తగ్గడం వచ్చు. తగ్గినచోట నిలబడనివ్వనిది మీ ఒళ్లే.

బరువు తగ్గగానే శరీరం కరువొచ్చిందనుకుంటుంది. కొవ్వు నుంచి వచ్చే లెప్టిన్ పడిపోతుంది. కడుపు పైభాగంలో పుట్టే గ్రెలిన్ అనే ఆకలి హార్మోన్ పెరుగుతుంది. ఊరికే కూర్చున్నప్పుడు ఖర్చయ్యే కేలరీలు కూడా తగ్గిపోతాయి. పది వారాల కఠిన పథ్యంతో బరువు తగ్గినవాళ్లను ఆస్ట్రేలియా పరిశోధకులు ఏడాది తర్వాత పరీక్షిస్తే ఈ హార్మోన్లు ఇంకా పాత స్థితికి రాలేదు. ఆ ఫలితాలు 2011లో వచ్చాయి. అమెరికాలో టీవీ పోటీ కోసం బాగా బరువు తగ్గిన 14 మందిని ఆరేళ్ల తర్వాత చూశారు. ఆ బరువుకు ఖర్చు కావలసినదానికంటే రోజుకు సుమారు 500 కేలరీలు తక్కువే ఖర్చవుతున్నాయని 2016లో తేలింది. దర్శిని హోటల్లో ఒక మసాలా దోసె, దాని వెంట ఒక కాఫీ అంటే దాదాపు అంతే. పక్కవాళ్లు తిని అరిగించుకునే ఆ దోసె మీ ఒంట్లో కొవ్వుగా నిలుస్తుంది. రోజూ అంత తేడాను పంతంతో ఏళ్ల తరబడి నెట్టుకురావడం చాలా కొద్దిమందికే సాధ్యం.

ఆపరేషన్ పనిచేసేది ఇక్కడే. కడుపు చిన్నదవడం అందులో సగం సంగతే. గ్రెలిన్ పుట్టే భాగాన్ని తీసేసినా, అన్నం పేగు కింది భాగానికి తొందరగా చేరేలా దారి మళ్లించినా ఆకలి హార్మోన్లు మారతాయి. పథ్యంలో పెరిగే ఆకలి ఇక్కడ తగ్గుతుంది. ఇలా దారి మళ్లించే బైపాస్ తర్వాత బరువు ఇంకా పెద్దగా తగ్గకముందే, మొదటి వారాల్లోనే షుగర్ దిగిరావడానికి ఇదో కారణం.

మీ బీఎంఐ, అంటే ఎత్తుతో పోల్చి చూసే బరువు, లెక్క కడితే 39.3 వస్తుంది. మన దేశపు సర్జన్ల మార్గదర్శకాల ప్రకారం 35 దాటితే ఆపరేషన్ గురించి ఆలోచించవచ్చు. 30 దాటి, బరువు వల్ల వచ్చిన జబ్బులు రెండుంటే అప్పుడూ ఆలోచించవచ్చు. కాబట్టి మీకు అర్హత ఉంది. షుగర్ మందులతో లొంగడం లేదు గనుక అవసరమూ ఉంది.

మా అభ్యంతరమల్లా స్లీవ్ అన్నదగ్గరే. స్లీవ్‌లో 36 నుంచి 40 ఫ్రెంచ్ సైజు గొట్టాన్ని, అంటే పన్నెండు పదమూడు మిల్లీమీటర్ల లావున్నదాన్ని, నోటి ద్వారా కడుపులోకి దించుతారు. దాన్ని ఆనుకుని స్టేప్లర్‌తో నిలువునా కుట్లు వేస్తూ కోసి, కడుపులో 75 నుంచి 80 శాతం బయటికి తీసేస్తారు. మిగిలేది అరటికాయ ఆకారంలో సన్నటి గొట్టం. పై తిత్తి లేదు కాబట్టి లోపల ఒత్తిడి పెరుగుతుంది, పులుపు పైకి తన్నుతుంది. ముందే పుల్లటి నీళ్లు గొంతులోకి వచ్చేవాళ్లకు ఇది ముదిరి, రెండు మూడేళ్లకు మళ్లీ బైపాస్‌గా మార్చాల్సి రావచ్చు. తీసేసిన కడుపు తిరిగి రాదు. అందుకని ఎండోస్కోపీ చేయకుండా ఆపరేషన్ పేరు ఖాయం చేసేవారి దగ్గర సంతకం పెట్టకండి. అన్నవాహిక కింద పుండుందా, కడుపు పైభాగం ఛాతీలోకి జారిందా, హెచ్.పైలోరి అనే కడుపు క్రిమి ఉందా అన్నది చూశాకే స్లీవా, బైపాసా అన్న మాట రావాలి.

మీలాంటి లక్షణాలకు సాధారణంగా ముందు ఆలోచించేది రూ-ఎన్-వై బైపాస్. కడుపు పైన 30 మిల్లీలీటర్ల తిత్తి, అంటే రెండు టేబుల్ స్పూన్లంత, వేరుచేసి దానికి చిన్నపేగును కలుపుతారు. పులుపూ పైత్యరసమూ పైకి రావు. కానీ ఇది పెద్ద ఆపరేషన్. ఇనుము, కాల్షియం, బీ12 లోపాలు ఎక్కువ. ఇబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు ఇక వాడకూడదు. పొగతాగినా, ఆ మాత్రలు వేసుకున్నా అతుకు దగ్గర పుండు పడుతుంది. లడ్డూ, జిలేబీ లాంటివి తింటే గుండె దడ, చెమటలు, విరేచనం వస్తాయి. మినీ బైపాస్ అని ఇంకోటి ఉంది, మన దేశంలో చాలా చేస్తున్నారు. అందులో పైత్యరసం వెనక్కి వచ్చే అవకాశం ఉంది గనుక మీకు అది మొదటి మాట కాదు. పేగును 200 సెంటీమీటర్లకు మించి దాటవేస్తే, మాంసం ముట్టనివాళ్లలో ప్రొటీన్ లోపం వచ్చి కాళ్లు వాచిపోవచ్చు. కాబట్టి ‘ఎంత పొడవు దాటవేస్తున్నారు’ అని తప్పక అడగండి.

ఎంత తగ్గుతారు? బైపాస్‌తో ఏడాది, ఏడాదిన్నరలో మొత్తం బరువులో 25 నుంచి 30 శాతం. అంటే మీరు 68 – 73 కిలోల మధ్యకు వస్తారు. పెళ్లినాటి 55 కిలోల కోసమైతే ఈ ఆపరేషన్ వద్దు, నిరాశపడతారు. ఆ తర్వాత కొన్ని కిలోలు తిరిగి రావడం మామూలే. దాన్ని ఓటమి కింద లెక్కేయకండి. 1987లో మొదలైన స్వీడన్ అధ్యయనంలో ఇరవై ఏళ్ల తర్వాత కూడా ఆపరేషన్ అయినవారిలో సగటున 18 శాతం తగ్గుదల నిలిచింది, కానివారిలో 1 శాతం. పైగా వాళ్లలో ఎక్కువమందికి చేసినవి ఇప్పుడు దాదాపు మానేసిన పాతరకం ఆపరేషన్లు.

పోయింది బాగా తిరిగొచ్చినవాళ్లను కదిపి చూస్తే కంచంలో తప్పు కనబడదు. కంచంలో తినేది రెండు ముద్దలే. కారప్పూస గిన్నె పక్కన పెట్టుకుని టీవీ ముందు రెండు గంటలు ఒక్కో పలుకూ నోట్లో వేసుకుంటే మాత్రం చిన్న కడుపు కూడా అడ్డుపడదు. జ్యూసులు, ఐస్‌క్రీమ్, చక్కెర కాఫీ అన్నీ జారిపోతాయి. అన్నంతోపాటు నీళ్లు తాగితే తిన్నది కిందికి కొట్టుకుపోయి గంటకే ఆకలేస్తుంది. తిన్న అరగంట దాకా నీళ్లు తాగవద్దనేది అందుకే.

ఆపరేషన్‌కు ముందు రెండు వారాలు 800 నుంచి 1000 కేలరీల ఆహారం మీదే ఉంచుతారు. మీకు లివర్‌లో కొవ్వు ఉండే ఉంటుంది. ఎడమవైపు లివర్ కడుపు మీద దుప్పటిలా పడి ఉంటుంది, దాన్ని పైకెత్తి పట్టుకుంటేగానీ సర్జన్‌కు లోపల దారి కనబడదు. ఈ రెండు వారాల్లో అది మెత్తబడి చిన్నదవుతుంది. ఇక్కడ మీకు ప్రత్యేకంగా ఒక జాగ్రత్త ఉంది. డాపాగ్లిఫ్లోజిన్ వేసుకుంటూ ఆహారం బాగా తగ్గిస్తే, షుగర్ మామూలుగా కనిపిస్తూనే రక్తంలో కీటోన్లు పెరిగి ప్రాణం మీదికి రావచ్చు. ఆపరేషన్‌కు కనీసం మూడు రోజుల ముందు అది ఆపాలి. పథ్యం మొదలైన రోజే ఆపాలా అన్నది మీ షుగర్ డాక్టరును అడిగి, చీటీ మీద రాయించుకోండి. గురక ఉంది గనుక నిద్ర పరీక్ష, పిత్తాశయంలో రాళ్లకు స్కానింగ్, ఇనుము నిల్వ చెప్పే ఫెరిటిన్, బీ12, విటమిన్ డి పరీక్షలు ముందే కావాలి. లోపమున్నది ఇప్పుడే సరిచేయాలి, ఆపరేషన్ తర్వాత రెట్టింపు కష్టం.

ఆపరేషన్ రోజు సాయంత్రమే నడిపిస్తారు, కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా. మొదట 30 మిల్లీలీటర్ల నీళ్లు, పావుగంటకోసారి. దగ్గు మందు మూతలు రెండు మూడంత, అదీ చిన్న గుక్కల్లో. రెండు వారాలు ద్రవాలే: పలుచటి మజ్జిగ, వడగట్టిన పప్పుకట్టు, వెన్న తీసిన పాలు, ప్రొటీన్ పొడి. మూడు, నాలుగు వారాల్లో పెరుగు, చిదిమిన ఇడ్లీ, గిలక్కొట్టి మెత్తగా వండిన గుడ్డు. ఆ తర్వాత రెండు వారాలు మెత్తటి చేప, పనీర్, బాగా ఉడికిన కూరలు. మామూలు తిండి రెండో నెలకు. మీ వైపువాళ్లకు ఇంకో మాట: సంకటి ముద్దను పప్పులో ముంచి నమలకుండా మింగడం మనకు చిన్నప్పటి అలవాటు. కొత్త కడుపు సందు దగ్గర ఆ ముద్ద అడ్డం పడుతుంది, ఛాతీలో నొప్పి, నురగ, వాంతి. మూడు నెలల దాకా సంకటి వద్దు. ఆ తర్వాత తిన్నా ఉసిరికాయంత ముద్ద నోట్లో పెట్టుకుని, నీరయ్యేదాకా నమలాలి.

రోజుకు 60 నుంచి 80 గ్రాముల ప్రొటీన్ కావాలి. కోడిగుడ్డులో 6, గ్లాసు పాలలో 6 లేక 7, వంద గ్రాముల పనీర్‌లో 18, ఇడ్లీలో రెండు గ్రాములే. అందుకే కంచంలో ముందు గుడ్డో చేపో పప్పో తిని, మిగిలిన చోటు ఉంటేనే అన్నం. మూడో నెలలో జుట్టు ఊడుతుంది. భయపడకండి, ప్రొటీన్, ఇనుము సరిగా ఉంటే చాలామందికి ఏడాదిలోపు తిరిగి వస్తుంది.

మాత్రలు జీవితాంతం. మల్టీవిటమిన్. కాల్షియం సిట్రేట్ రోజుకు 1200 నుంచి 1500 మిల్లీగ్రాములు, ఒక్కసారికి 500 – 600 మించకుండా. ఇనుము 45 నుంచి 60 మిల్లీగ్రాములు, కాల్షియానికి రెండు గంటల ఎడం, కాఫీతో వద్దు. బీ12 రోజూ మాత్రగా, లేదా నెలకు 1000 మైక్రోగ్రాముల ఇంజెక్షన్. వీటిని మూడో ఏట మానేసి, ఐదో ఏట హిమోగ్లోబిన్ 7తో, తిమ్మిరెక్కిన కాళ్లతో వచ్చేవాళ్లుంటారు. ఏటా రక్తపరీక్షకు రాలేననుకుంటే ఈ ఆపరేషన్ జోలికి పోవద్దని మేం గట్టిగా చెబుతాం.

ప్రమాదం లేదని ఎవరైనా అంటే నమ్మకండి. అమెరికాలోని పెద్ద ఆసుపత్రుల్లో జరిగి 2009లో వెలువడిన అధ్యయనంలో నెలలోపు మరణాలు వెయ్యికి మూడు. ఎక్కువ భయపడాల్సింది కుట్లు కారడం, అంటే కడుపులోది కుట్ల సందుల్లోంచి పొట్టలోకి కారడం గురించి. ఇంటికొచ్చాక నాడి 120 దాటినా, జ్వరమొచ్చినా, ఎడమ భుజం లాగినా, ఆయాసమొచ్చినా తెల్లారనిద్దాం అనుకోకండి. పొట్ట నొప్పి లేకపోయినా సరే, ఆపరేషన్ చేసిన ఆసుపత్రికే వెళ్లండి.

వారానికోసారి వేసుకునే ఇంజెక్షన్లు కూడా ఒక దారే. సెమాగ్లూటైడ్‌తో సగటున 15 శాతం, 2025 మార్చిలో మన దేశానికొచ్చిన టిర్జెపటైడ్ ఎక్కువ మోతాదులో 20 శాతం వరకు తగ్గుతారు. సెమాగ్లూటైడ్ ఆపేసినవాళ్లలో పోయిన బరువులో మూడింట రెండు వంతులు ఏడాదిలో తిరిగొచ్చింది. ఏళ్ల తరబడి కొనగలిగితే ఆపరేషన్‌కు ముందు వాటిని ప్రయత్నించడంలో తప్పు లేదు. వాడుతూ ఆపరేషన్‌కు వెళ్తే మత్తు డాక్టరుకు ముందే చెప్పాలి, కడుపు ఖాళీ అవడం ఆలస్యమవుతుంది గనుక.

ఈసారి డాక్టరు దగ్గరికి మీవారిని కూడా తీసుకెళ్లండి. మొదటి నెల పావుగంటకోసారి గుక్క అందించాల్సింది ఆయనే.

ప్రశ్న: మా చెల్లెలికి స్లీవ్ చేశారు. ఐదో వారంలో పది రోజులు ఆగకుండా వాంతులు. దగ్గర్లోని నర్సింగ్ హోమ్‌లో గ్లూకోజ్ ఎక్కించి పంపారు. మర్నాటికి నడక తూలింది, ఒక మనిషి ఇద్దరుగా కనిపించారు. పెద్దాసుపత్రిలో బీ1 ఇంజెక్షన్లు చేశాక కోలుకుంది. గ్లూకోజ్ వల్ల ఇలా అవుతుందా?
– కె.ఆర్.పురం పాఠకుడు

జవాబు: అవుతుంది. శరీరంలో థయమిన్, అంటే బీ1, నిల్వ రెండు మూడు వారాలకే చాలుతుంది. సరిగా తినక, తిన్నది వాంతైపోయి, మీ చెల్లెలికి అది అడుగంటింది. గ్లూకోజ్‌ను శక్తిగా మార్చడానికి థయమిన్ కావాలి. ఉన్న ఆ కాస్తా సీసాలోని గ్లూకోజ్ లాగేసుకుంటే మెదడుకు మిగలదు. తూలడం, చూపు రెండుగా కనబడటం, మాట తికమక కావడం అప్పుడే. ఒకప్పుడు మరపట్టిన పచ్చిబియ్యమే తినే మన కోస్తా జిల్లాల్లో ఉన్న బెరిబెరి కూడా ఈ లోపమే.

బేరియాట్రిక్ ఆపరేషన్ అయినవారికి రెండు మూడు రోజులకు మించి వాంతులుంటే ముందు థయమిన్ ఇంజెక్షన్, ఆ తర్వాతే గ్లూకోజ్. అప్పటిదాకా సెలైన్ ఎక్కించవచ్చు. ఆపరేషన్ పేరు, తేదీ, ‘గ్లూకోజ్‌కు ముందు థయమిన్’ అన్న మాట చిన్న అట్ట మీద రాసి ఆమె పర్సులో పెట్టండి. సెలవు రోజు రాత్రి ఏ డాక్టరున్నా చదువుకుంటారు.

అసలు వాంతులెందుకు వచ్చాయో తేల్చుకున్నారా? తొందరగా గట్టి తిండికి వెళ్లడం ఒక కారణం. స్లీవ్ మధ్య వంపు దగ్గర ఇరుకైనా, మెలిపడినా ఇలాగే ఉంటుంది. ఎండోస్కోపీలో తెలుస్తుంది, చాలావరకు బెలూన్‌తో వెడల్పు చేస్తే సరిపోతుంది. అది చూడకపోతే వాంతులు మళ్లీ వస్తాయి.

ప్రశ్న: మా ఆవిడ బీఎంఐ 37, షుగర్ ఉంది. ‘బరువు తగ్గించే ఆపరేషన్లు పాలసీలో రావు’ అని బీమా కంపెనీ తిప్పికొట్టింది. చేసేదేమీ లేదా?
– బీటీఎం లేఔట్ పాఠకుడు

జవాబు: ఉంది. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019 మార్గదర్శకాల్లో స్థూలకాయ ఆపరేషన్‌ను మినహాయిస్తూనే, ఎప్పుడు ఇవ్వాలో కూడా రాశారు. డాక్టరు సలహా ఉండాలి, వైద్య ప్రమాణాల ప్రకారం అవసరమై ఉండాలి, వయసు 18 దాటాలి. బీఎంఐ 40 ఉండాలి. లేదా 35 ఉండి, తక్కువ కోతతో జరిగే చికిత్సలు పనిచేయక, గుండె జబ్బో, నిద్రలో ఊపిరి ఆగే తీవ్రమైన స్లీప్ ఆప్నియానో, అదుపులోకి రాని టైప్ 2 షుగరో ఉండాలి. మీ ఆవిడది చివరి కోవ. అయితే ‘షుగర్ ఉంది’ అని రాస్తే చాలదు, ‘మందులు వాడుతున్నా అదుపులో లేదు’ అని డాక్టరు ఉత్తరంలో ఉండాలి. దానికి జతగా పాత హెచ్‌బీఏ1సీ రిపోర్టులు, ఆసుపత్రిలోనే కొలిచిన ఎత్తు, బరువు, ఇంతకు ముందు చేసిన ప్రయత్నాల చీటీలు పెట్టండి.

వెయిటింగ్ పీరియడ్ పూర్తయిందా చూసుకోండి. ఆఫీసు గ్రూప్ పాలసీల్లో షరతులు వేరుగా ఉంటాయి, హెచ్ఆర్ దగ్గర పూర్తి పత్రం అడగండి. కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాశాక నెలలో జవాబు రాకున్నా, వచ్చింది నచ్చకున్నా బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లవచ్చు. బెంగళూరులోనే కార్యాలయం ఉంది, ఫీజు లేదు.

అంచనా బిల్లులో స్టేప్లర్ క్యాట్రిడ్జ్‌లు ఎన్ని అని అడగండి. ఒక్క స్లీవ్‌కే నాలుగు నుంచి ఆరు పడతాయి, ఖరీదైనవి. ప్యాకేజీలో ఎన్ని ఉన్నాయో రాసివ్వకపోతే, చివర్లో బిల్లు పెరిగేది అక్కడే.

ప్రశ్న: అమ్మాయికి 26 ఏళ్లు, బీఎంఐ 36, పీసీఓడీ. సంబంధాలు చూస్తున్నాం. పెళ్లికి ముందే ఆపరేషన్ చేయించేస్తే మంచిదా?
– ఒక తల్లి, యశవంతపుర

జవాబు: అమ్మాయి అడుగుతోందా, మీరు అడుగుతున్నారా అమ్మా? జీవితాంతం మాత్రలు మింగాల్సింది ఆమె గనుక మీరు పక్కన లేకుండా ఆమెతో డాక్టరు మాట్లాడాలి. పెళ్లి ఫొటోల కోసమైతే మా జవాబు వద్దనే. పీసీఓడీ కోసం, ఆమెకు ఇష్టమై ఉంటే ఆలోచించవచ్చు.

ఒక విషయం మాత్రం పెళ్లికొడుక్కి కూడా తెలిసుండాలి. ఆపరేషన్ తర్వాత 12 నుంచి 18 నెలలు గర్భం రాకూడదు. అప్పుడు బరువు వేగంగా పోతుంటుంది, బిడ్డకు పోషణ చాలదు. పీసీఓడీతో నెలసరి సరిగా రానివారికి బరువు తగ్గగానే అండం విడుదల మొదలవుతుంది. ‘మాకెలాగూ రాదు’ అనుకునేవాళ్లే ఆరో నెలలో గర్భంతో వస్తారు. బైపాస్ తర్వాత గర్భనిరోధక మాత్రలు ఒంటికి సరిగా పట్టకపోవచ్చు, లూప్ నయం.

తర్వాత గర్భం వచ్చినప్పుడు, 24 – 28 వారాల మధ్య అందరికీ చేసినట్టు 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి చేసే షుగర్ పరీక్ష ఈమెకు, ముఖ్యంగా బైపాస్ అయితే, చేయకూడదు. తాగిన కాసేపటికే దడ, చెమటలు, కళ్లు తిరగడం వస్తాయి, ఫలితం కూడా నమ్మదగినది కాదు. దాని బదులు వారం రోజులు ఇంట్లోనే పరగడుపున, తిన్న తర్వాత వేలిపోటుతో చూసి రాసుకుంటే సరిపోతుంది. ఈ మాట ప్రసూతి డాక్టరుకు మొదటి రోజే చెప్పించండి.